ఏసీఎల్ సర్జరీ అయ్యి 17 వారాలు: ఆగస్టు 10కే, ఆఫీసు, ఫిజియో... వీటిలో దేన్ని వదులుకోవాలి?

నాగోల్_రన్నర్:

అందరికీ నమస్కారం. వయసు 34, బరువు 78 కిలోలు. బ్యాడ్మింటన్ ఆడుతుంటే ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకని, కాలి ఎముకని కట్టి ఉంచే లిగమెంట్) తెగింది. ఫిబ్రవరి రెండో వారంలో హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో, అంటే తొడ వెనక నుంచి తీసిన ముక్కని దాని స్థానంలో పెట్టి, సర్జరీ అయింది. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కి కుట్లు వేయలేదు, అంచు కాస్త సాపు చేశారంతే. ఇవాళ్టికి 17 వారాలు.

ఇప్పటి పరిస్థితి ఇది. మోకాలు 130 డిగ్రీల దాకా వంగుతోంది. చాపితే నిటారుగానే అనిపిస్తుంది కానీ రెండో కాలంత హాయిగా లేదు. చిప్పకు 15 సెంటీమీటర్ల పైన టేపు పెట్టి కొలిస్తే ఎడమ తొడ 2.5 సెంటీమీటర్లు సన్నగా ఉంది. మెట్రో మెట్లు దిగేటప్పుడు చిప్ప కింద నొప్పి. సాయంత్రానికి మోకాలు బరువెక్కి, గుండ్రంగా కనిపిస్తుంది.

రోజూ పొద్దున 5:30కి లేచి గంట ఎక్సర్‌సైజులు, వారానికి ఆరు రోజులు. ఆదివారం జిమ్‌లో రెండు గంటలు. నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రోలో, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి క్యాబ్‌లో. వారంలో నాలుగు రాత్రులు క్లయింట్ కాల్స్, పడుకునేసరికి 12. ఆగస్టు చివర్లో ఉన్న హైదరాబాద్ మారథాన్‌లో 10కేకి, అంటే 10 కిలోమీటర్ల పరుగుకి, పేరు ఇచ్చేశాను.

అడగాలనుకున్నవి: ఆగస్టుకి పరిగెత్తగలనా? సాయంత్రం వాపు మామూలేనా? మళ్లీ షటిల్ ఎప్పుడు? అన్నీ చేస్తున్నా ముందుకు కదలట్లేదు, ఎక్కడ తప్పు జరుగుతోంది?

ఫిజియో_తార్నాక:

ముందు వదులుకోవాల్సింది మీ ఆరు రోజుల టైంటేబుల్. ఆదివారం రెండు గంటలు కూడా కలిపితే మోకాలికి వారంలో సెలవే లేదు. మిగతావన్నీ దాని తర్వాత.

సాయంత్రం వాపు ఈ దశలో చాలామందికి ఉంటుంది, నిజమే. కానీ "గుండ్రంగా కనిపిస్తుంది" అంటే సరిపోదు, దానికి ఒక కొలత కావాలి. ఇంట్లోనే చూసుకోవచ్చు. మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు చాపండి, తొడ బిగించకుండా వదిలేయండి. చిప్పకు లోపలి పక్క, అంటే రెండో కాలి వైపు, చిన్న పల్లం ఉంటుంది. ఆ పల్లం కింది నుంచి తొడ వైపు అరచేత్తో రెండు మూడుసార్లు పైకి నిమరండి. అక్కడున్న నీరు పైకి పోతుంది. ఇప్పుడు చిప్ప బయటి పక్కన, తొడ కింది భాగం నుంచి పిక్క వైపు ఒక్కసారి కిందికి నిమరండి. చూపు మాత్రం లోపలి పల్లం మీదే ఉండాలి. ఏమీ కదలకపోతే సున్నా. చిన్న అల లాగా కదిలి పోతే ట్రేస్. పల్లం స్పష్టంగా ఉబ్బితే 1+. మీరు కిందికి నిమరకముందే పల్లం దానంతటదే నిండిపోతే 2+. నీటిని అసలు పైకి తోయలేకపోతే 3+. పొద్దున మంచం దిగకముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి ఫోన్‌లో రాసుకోండి.

నిర్ణయం మాత్రం పొద్దుటి అంకెను బట్టే. రాత్రి 1+ ఉండి పొద్దునకి సున్నాకో ట్రేస్‌కో దిగితే మోకాలు ఆ రోజు పనిని అరిగించుకుందని లెక్క. పొద్దున కూడా 1+ ఉంటే ఆ వారం బరువులు పెంచొద్దు. 2+ అయితే గెంతడం, పరుగు పూర్తిగా బంద్, కాళ్ల బరువులు సగం. రెండు మూడు రోజుల్లో దిగకపోతే మీ సర్జన్‌కి చూపించాలి.

ఈ నీటి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. కీలులో నీరు చేరితే తొడ ముందు కండరానికి వెళ్లే ఆదేశాన్ని వెన్నుపామే తగ్గించేస్తుంది. మీరు ఎంత పట్టుదలగా బిగించినా కండరం పూర్తిగా పలకదు. వాపు మీద వాపు తెచ్చుకుంటూ తొడ పెంచాలనుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. 17 వారాలకి 2.5 సెంటీమీటర్ల తేడా వింతేమీ కాదు, కానీ రోజూ చేస్తున్నా తగ్గట్లేదంటే రెండు అనుమానాలు. ఒకటి ఈ నీరు. రెండోది, రెండు నెలల కింద ఇచ్చిన కాగితంలోని ఎక్సర్‌సైజులే, అదే రెండు కిలోల యాంకిల్ వెయిట్‌తో, అదే పది పది చొప్పున చేస్తూ ఉండటం. ఈ రెండోది ఎంత ఎక్కువగా కనబడుతుందో చెప్పలేను.

తర్వాత కాలు చాపడం సంగతి. "నిటారుగానే అనిపిస్తుంది" అన్న మాటను నమ్మొద్దు. బోర్లా పడుకుని తొడలు మంచం మీద, మోకాళ్ల కింది భాగం మంచం అంచు దాటి గాల్లో ఉండేలా జరగండి. రెండు మడమల ఎత్తులో తేడాను ఎవరితోనైనా స్కేలు పెట్టి కొలిపించండి. ఒక సెంటీమీటరు తేడా అంటే సుమారు ఒక డిగ్రీ. రెండు సెంటీమీటర్లు దాటితే దాని మీద పని చేయాల్సిందే, ఎందుకంటే మోకాలు పూర్తిగా చాపుకోకపోతే నడకలో తొడ కండరం క్షణం కూడా విశ్రాంతి లేకుండా పనిచేస్తుంది, ఆ ఒత్తిడి వెళ్లి చిప్ప మీద పడుతుంది. మీరు చెప్పిన చిప్ప కింది నొప్పిలో దీని వాటా ఉండొచ్చు.

సరిచేయడానికి జిమ్ అక్కర్లేదు. ఆఫీసులో ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని మడమ దాని మీద పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా వేలాడనివ్వండి. ఒక్కోసారి పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. ఒక పెద్ద కాల్‌లో అయిపోతుంది. నొప్పి పుట్టేలా పైనుంచి నొక్కొద్దు, తక్కువ బరువు, ఎక్కువసేపు, అంతే. ఇంట్లో మాత్రం ఒక పొరపాటు జరుగుతుంటుంది. హాయిగా ఉంటుందని అమ్మో, ఆవిడో మోకాలి కింద దిండు పెడతారు. నిజంగానే హాయిగా ఉంటుంది, మోకాలు వంగి ఉండిపోవడానికి అదే దారి. దిండు పెడితే మడమ కింద పెట్టాలి. రెండు మూడు వారాలు ఇలా చేసినా చాపడం రాకపోయినా, చాపే చివర్లో ముందు వైపు ఏదో అడ్డుపడి టక్‌మన్నా సర్జన్‌కి చెప్పండి. గ్రాఫ్ట్ ముందు మచ్చకణజాలం గడ్డలా పెరిగి అడ్డుపడటం ఉంటుంది, అది సాగదీస్తే పోయేది కాదు.

ఇక వారం ఎలా ఉండాలంటే: బరువులు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. మంగళ, గురు, శని అనుకుందాం. ఒక్కో రోజు 45 నిమిషాలు చాలు. ఒంటికాలి లెగ్‌ప్రెస్, 8 చొప్పున నాలుగు సెట్లు. చివర ఇంకో రెండే చేయగలను అనిపించేంత బరువు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద 90 నుంచి 45 డిగ్రీల మధ్య, 10 చొప్పున మూడు సెట్లు. చిప్ప నొప్పి 10కి 3 దాటకపోతే మెల్లగా పూర్తి చాపు దాకా. హ్యామ్‌స్ట్రింగ్ నుంచే గ్రాఫ్ట్ తీశారు కాబట్టి తొడ వెనకభాగాన్ని మర్చిపోవద్దు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం) మూడు సెట్లు, మెషీన్ మీద తేలిక బరువుతో కర్ల్ (మడమను వెనక్కి మడవడం) రెండు సెట్లు. ఒంటికాలి మీద పిక్క ఎక్సర్‌సైజు 15 చొప్పున మూడు. చివర్లో 15 సెంటీమీటర్ల మెట్టు మీద నుంచి మెల్లగా మూడు సెకన్లలో దిగడం, మోకాలు లోపలికి వాలకుండా, అద్దం ముందు. అన్నిటికీ సర్జరీ అయిన కాలే ముందు, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే.

మిగతా నాలుగు రోజుల్లో మడమ కుర్చీ మీద పెట్టడం, ఇష్టమైతే 20 నిమిషాలు సైకిల్. పొద్దున 5:30కి లేవాల్సిన పని మూడు రోజులకే పరిమితం. కాల్స్ ఉన్న రాత్రుల తర్వాత ఎక్సర్‌సైజు రోజు పడకుండా వారాన్ని మార్చుకోండి. ఐదున్నర గంటల నిద్ర మీద లెగ్‌ప్రెస్ చేసినవాళ్లు బరువు పెంచలేకపోతే అది బద్ధకం కాదు.

అంతా సరిగ్గా చేస్తున్నా కదలట్లేదని రాశారు. మీరు లెక్కలో వేసుకున్నది పొద్దుటి గంటను మాత్రమే. మోకాలికి జిమ్ మెట్లు, మెట్రో మెట్లు అన్న తేడా తెలియదు. ఫోన్‌లో అడుగుల సంఖ్య చూడండి. ఆఫీసు రోజుల్లో పదకొండు వేలు, శని ఆదివారాల్లో నాలుగు వేలు ఉంటే ఏ రోజు వాపు వస్తుందో చెప్పడానికి నేను అక్కర్లేదు. రెండు వారాలు రోజూ ఏడు వేల దగ్గర సమంగా ఉంచి, పొద్దుటి నీరు సున్నా అయ్యాక వారానికి పది పదిహేను శాతం చొప్పున పెంచండి. మెట్రోలో ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్ట్‌లో. దిగేటప్పుడు చిప్ప కీలు మీద ఒంటి బరువుకు మూడింతలకు పైగా ఒత్తిడి పడుతుంది, ఎక్కేటప్పుడు అంత ఇబ్బంది పెట్టదు. ఎస్కలేటర్ పని చేయని రోజు రెయిలింగ్ పట్టుకుని, సర్జరీ కాలు ముందు కిందికి, మంచి కాలు తర్వాత. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

లక్ష్యాల మాట. "ఆగస్టు 10కే" అనేది ఫలితం. అది మీ చేతిలో సగమే ఉంది, మిగతా సగం గ్రాఫ్ట్ చేతిలో. మీ చేతిలో పూర్తిగా ఉన్నవి మూడు: వారంలో మూడు సెషన్లు పూర్తయ్యాయా, ఏడు గంటలు పడుకున్న రాత్రులు ఎన్ని, పొద్దుటి నీటి అంకె ఎంత. గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవాల్సినవి ఇవి. తారీకు పెట్టుకుంటే దాన్ని అందుకోవడానికి మోకాలి గుర్తులను దాటేస్తాం, ఆఖరి మూడు వారాల్లో మరీనూ.

ఆఫీసులో రిలీజ్ వారాలు, అంటే పని గడువు మీద పడే వారాలు, వస్తాయి, అప్పుడు మూడు సెషన్లు కుదరవు. దానికి ముందే ఒక "కరువు ప్లాన్" రాసుకోండి: వారానికి రెండుసార్లు, 25 నిమిషాలు, లెగ్‌ప్రెస్, ఎక్స్‌టెన్షన్, పిక్క మాత్రమే. సెట్లు మూడో వంతుకు తగ్గించినా బరువు తగ్గించకపోతే కొన్ని వారాల పాటు బలం నిలబడుతుంది. సాధారణంగా దీనికి రివర్స్‌లో చేస్తారు. రిలీజ్ వారమంతా మానేసి, అపరాధభావంతో ఆదివారం రెండు గంటలు. మీ ఆదివారం సెషన్ అలా పుట్టిందేనని నా అనుమానం. అది తీసేయండి.

కోచ్_యాప్రాల్:

పైన మేడమో సారో శానా మంచిగ చెప్పిన్రు. నేను పరుగు ముచ్చట చెప్తా.

అన్నా, 17 వారాలు అయినయి అని పరుగు షురూ జేసుడు కాదు. ఇవి అయినయా చూసుకో. 30 నిమిషాలు జోరుగ నడిస్తె తెల్లారి నీళ్లు పెరగొద్దు. ఒంటికాలి మీద పిక్క 20 సార్లు, మడమ పూర్తిగ లేవాలె. 45 సెంటీమీటర్ల కుర్చీల నుంచి ఒంటికాలి మీద 10 సార్లు లేసి కూసోవాలె, మోకాలు లోపలికి పోవద్దు. ఎడమకాలు మీద ఉన్నకాడనే 10 సార్లు గెంతితె నొప్పి ఉండొద్దు. ఇంక లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద ఒక్కో కాలు విడిగ చూస్కో, కుడికాలు 10 సార్లు 30 కిలోలు లేపితె ఎడమది కనీసం 22, 24 లేపాలె. గిది లేకుంట మిగిలినయన్ని ఉన్నా ఆగు.

అన్ని ఉంటె మొదలు ట్రెడ్‌మిల్ మీద. నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడక, గట్ల 8 సార్లు. రోజు ఇడిసి రోజు. రెండు సెషన్లు పొద్దుగాల నీళ్లు లేకుంట పోతెనే మెట్టు ఎక్కాలె: 2 ఉరుకుడు 2 నడక, తర్వాత 3-1, 4-1, తర్వాత 10 నిమిషాలు ఆపకుంట. నీళ్లొస్తె ఒక మెట్టు దిగుడు, మొత్తం బంద్ పెట్టుడు కాదు. ఉరికే రోజు, బరువుల రోజు ఒక్కటే ఉంచుకో, పొద్దుగాల ఉరుకుడు, పొద్దుమూకి బరువులు. అప్పుడు మధ్యల రోజు నిజంగ ఖాళీ ఉంటది.

మెట్లన్ని దాటుడికి తక్కువల తక్కువ ఎనిమిది వారాలు పడ్తది. ఇయ్యాల షురూ చేసినా ఆగస్టు ఆఖరుకు 30 నిమిషాలు ఆపకుంట ఉరికితె గొప్ప, అంటె నాలుగు, ఐదు కిలోమీటర్లు. 10కే అంటె ఆశ ఎక్కువైతది. మన మారథాన్ల ఫ్లైఓవర్లు ఎక్కుడు దిగుడే కదా, దిగుడులనే మోకాలు బుక్కయితది. 5కేకి మార్చుకో, లేకుంటె 10కేల నడక కలుపుకుంట పో, గడియారం ఇంట్ల పెట్టి పో. ఆగస్టు రెండో ఆదివారం చూస్కో: గప్పటికి 20 నిమిషాలు ఆపకుంట ఉరికి తెల్లారి నీళ్లు లేకుంటెనే లైన్ల నిలబడాలె.

బయట ఉరికేటప్పుడు రోడ్డు వాలు చూస్కో. రోడ్డు అంచుకు వాలుతది, రోజూ ఒకటే దిక్కు ఉరికితె ఒక మోకాలు మీదనే పడ్తది. సింథటిక్ ట్రాక్ దొరికితె మంచిదే, సగం రౌండ్లు ఎదురు దిక్కుల ఉరుకు, ఎవరికి అడ్డం రాకుంట. అడుగులు పెద్దగ ఏసుడు ఇడిసిపెట్టు. నిమిషానికి నీయి 160 అడుగులు పడుతుంటె 170 జేస్కో, అదే స్పీడుల. గంత మార్పుతోనే మోకాలు మీద బరువు తగ్గుతది. బూట్లు కొత్తయి కొనుడు గురించి అందరు అడుగుతరు, గది ఆఖరి సంగతి.

షటిల్_మణికొండ:

ఒక డౌట్. సింధు కాలికి దెబ్బ తగిలాక ఐదు నెలల్లో ఆటలోకి వచ్చేసింది కదా. ఏసీఎల్ సర్జరీ తర్వాత మళ్లీ ఆడటానికి మనకెందుకు 9 నెలలు ఆగమంటారు? నాకు తెలిసిన ఒక సెంటర్‌లో ఏసీఎల్‌కి 5 నెలలు చాలు అంటున్నారు.

స్పోర్ట్స్‌ఫిజియో_అత్తాపూర్:

అవి రెండూ వేర్వేరు దెబ్బలు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచినప్పుడు సింధుకి ఎడమ కాలిలో వచ్చింది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు. ఆమె 2023 జనవరిలో మలేషియా ఓపెన్‌తో తిరిగి వచ్చారు. ఎముక అతికితే మళ్లీ ఎముకే అవుతుంది. ఏసీఎల్ విషయంలో అక్కడ పెట్టింది తొడ వెనక నుంచి తీసిన టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది. శరీరం దాన్ని ముందు బలహీనపరిచి, కొత్తగా రక్తనాళాలు పెంచి, మెల్లగా లిగమెంట్‌లా మార్చుకుంటుంది. మొదటి రెండు మూడు నెలల్లో అది పెట్టిన రోజు కంటే బలహీనంగా ఉంటుంది, పూర్తిగా మారడానికి ఏడాది పైనే. చిక్కంతా ఇక్కడే. నాలుగైదు నెలలకు నొప్పి పోతుంది, నడక బాగుంటుంది, లోపలి గ్రాఫ్ట్ మాత్రం ఇంకా సగం దారిలో ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి సిద్ధం అనుకుంటే మోసపోతాం.

2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, మలుపులు తిరిగే ఆటలకు తిరిగి వెళ్లడాన్ని 9 నెలల దాకా ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. 9 తర్వాత ఇంకా ఆగితే అంత తేడా కనిపించలేదు. అందుకే ఆ అంకె. కానీ 9 నెలలు గడవడం టికెట్ కాదు, తొడ బలం, గెంతు పరీక్షలు రెండో కాలితో పోల్చి 90 శాతం దాటాలి. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది: ఇన్ని నెలలు సరిగ్గా ఆడకపోవడంతో మంచి కాలు కూడా బలహీనపడి ఉంటుంది. బలహీనపడ్డ కాలితో పోల్చి 90 వచ్చిందని సంబరపడితే లాభం లేదు. బరువుతో కూడా పోల్చి చూడాలి, అందుకే మెషీన్ మీద కిలోల్లో రాసుకోమనేది.

నాగోల్ గారూ, నేరుగా పరిగెత్తడం, షటిల్ ఆడటం వేర్వేరు తరగతులు. పరుగు కోచ్ గారు చెప్పినట్టు పరీక్షలు దాటితే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. షటిల్‌లో ఏసీఎల్ తెగేది ఎక్కువగా బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక్కి వెళ్లి, పైకి ఎగిరి, ఒంటికాలి మీద దిగేటప్పుడే. కాబట్టి కోర్టుకి తిరిగి వెళ్లే వరుస కూడా దానికి ఉల్టాగా ఉండాలి. ఆరో నెలలో నిలబడి డ్రైవ్‌లు, నెట్ దగ్గర షాట్లు, ఎవరైనా షటిల్ చేతితో వేస్తే. ఏడు, ఎనిమిదిలో ముందుగా తెలిసిన ఫుట్‌వర్క్, షాడో (షటిల్ లేకుండా ఆడుతున్నట్టు కదలడం). ఆ తర్వాత ఎటు వస్తుందో తెలియని షటిల్. సింగిల్స్ సగం కోర్టు. 9 నెలలు దాటి పరీక్షలు పాసయ్యాకే మ్యాచ్. డబుల్స్ తేలిక అనుకుని ముందు డబుల్స్‌కి వెళ్తారు, పక్కవాడు ఎటు వస్తాడో తెలియదు, అది ఇంకా ప్రమాదం. మ్యాచ్‌లో మొదటి నెల, 21 పాయింట్ల గేమ్ ఒక్కటి ఆడి ఆగాలి. అలిసిన కాలు దిగడం మర్చిపోతుంది.

ఐదు నెలలు చాలన్న సెంటర్ ఏ పరీక్ష ఆధారంగా అన్నదో అడగండి. కాగితం మీద అంకెలు చూపిస్తే మాట్లాడుకోవచ్చు.

ఈ ఊళ్లో షటిల్ ఆడేవాళ్లకి గోపీచంద్ గారి ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. 1990ల్లో మోకాలి లిగమెంట్ తెగి సర్జరీలు అయ్యాయి, ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్యలో ఉన్నవి ఏళ్లు.

వంటింటి_డైటీషియన్:

తిండి గురించి ఎవరూ అనలేదు కాబట్టి చిన్నగా. మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు. 78 కిలోలకి 65 గ్రాములు. కానీ కండ తిరిగి కట్టుకునేవాళ్లకి కిలోకి 1.6 దగ్గర, అంటే 125 గ్రాములు కావాలి. మన ఇళ్లలో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి చపాతీ మీద వెళ్తే 50 కూడా దాటదు.

ఉజ్జాయింపుగా: మూడు గుడ్లు 18 గ్రాములు, రెండు పెసరట్లు 14, నూటయాభై గ్రాముల పచ్చి చికెన్ వండితే 33, మందంగా వండిన పప్పు గిన్నెడు 9, పెరుగు 200 గ్రాములు 7, పనీర్ వంద గ్రాములు 18, యాభై గ్రాముల సోయా చంక్స్ 26. మొత్తం 125. శాకాహారులైతే గుడ్లు, చికెన్ తీసేసి సోయా, పనీర్ పెంచాలి, లేదా వే ప్రొటీన్ ఒక స్కూప్ మజ్జిగలో. ఒకేపూట కుక్కకుండా నాలుగుసార్లు 30 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ లెక్క పట్టుకోవద్దు.

పాయా (మేక కాళ్ల సూప్) తాగితే లిగమెంట్ అతుకుతుందని చార్మినార్ వైపు వెళ్లే ప్రతి మోకాలి పేషెంటూ అడుగుతాడు. రుచికి తాగండి. లిగమెంట్‌ని పాయా అతికించదు, కాళ్ల నొప్పికి రోజూ నిహారీ తింటే పెరిగేది కొవ్వే.

రాత్రి కాల్స్ ఉంటే ఎనిమిదికే భోజనం ముగించి, కాల్ అయ్యాక ఆకలేస్తే పెరుగో పాలో. కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. పన్నెండు గంటల కాల్‌కి పదకొండుకి కాఫీ తాగి ఒంటిగంటకి నిద్ర పట్టలేదంటే మోకాలిని ఏమనలేం.

నాగోల్_రన్నర్:

అందరికీ థాంక్స్. చెప్పినవి కొలిచాను. మడమల తేడా 3 సెంటీమీటర్లు. నీరు పొద్దున ట్రేస్, రాత్రి 1+. ఆఫీసు రోజుల్లో అడుగులు 10,800, శనివారం 3,900. కుర్చీ నుంచి ఒంటికాలి మీద ఆరుసార్లే లేవగలిగాను. లెగ్ ఎక్స్‌టెన్షన్: కుడి 32 కిలోలు, ఎడమ 19. 10కే పేరు 5కేకి మార్చమని మెయిల్ పెట్టాను. ఇంట్లో పూజకి, భోజనానికి బాసిపట్లు వేసుకుని కూర్చోవచ్చా? ఇంకోటి, మడమ కుర్చీ మీద పెడితే ఎంత నొప్పి వరకు భరించాలి?

ఫిజియో_తార్నాక:

మీ అంకెల్లో నాకు పనికొచ్చేది 32కి 19. అరవై శాతం కూడా నికరంగా లేదు. పరుగు ఇప్పుడు వద్దు. ఎనభై శాతానికి, అంటే 26 కిలోల దాకా వచ్చాక కోచ్ గారి మొదటి మెట్టు. రెండు వారాలకోసారి ఒకటిన్నర, రెండు కిలోలు పెరుగుతుంటే జులై చివరికో ఆగస్టు మధ్యకో అక్కడికి చేరతారు. అప్పుడు ఆగస్టులో 5కే నడకే, ఉరికేది చివరి వంద మీటర్లు కూడా కాదు.

3 సెంటీమీటర్ల తేడా రెండు వారాల్లో ఒకటిన్నరకు దిగాలి. మడమ ఎత్తులో పెట్టినప్పుడు మోకాలి వెనక సాగుతున్నట్టుంటే సరే. 10కి 4 దాటితే, లేదా తీశాక పావుగంటకీ నొప్పి ఉంటే, బరువు ఎక్కువైందని అర్థం. తొడ మీద చెయ్యి పెట్టి ఉంటే తీసేసి మళ్లీ చూడండి. లేవగానే పది సార్లు తొడ బిగించి వదలండి, తెచ్చుకున్న చాపుని నిలబెట్టేది అదే.

బాసిపట్లు ఇప్పుడప్పుడే వద్దు. 130 డిగ్రీల మీద మడిచి, పైగా మెలితిప్పి కూర్చోవడం, అందులోంచి చెయ్యి ఆనించకుండా లేవడం, రెండూ కలిస్తే సాపు చేసిన మెనిస్కస్‌కి నచ్చదు. పూజకి చిన్న పీట, 20 సెంటీమీటర్ల ఎత్తుది, ఎడమ కాలు ముందుకు చాపి కూర్చోండి. భోజనం టేబుల్ మీద. సర్జన్ రివ్యూ ఎప్పుడుందో చూసి అప్పుడు నేల మీద కూర్చోవడం గురించి ప్రత్యేకంగా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. 19 నుంచి 21కి చేరిన రోజు ఇక్కడ ఒక ముక్క రాయండి, పొద్దుటి నీటి అంకెతో సహా.